బిడ్డా, ముందు ఆ ఫోను పక్కన పెట్టు

బిడ్డా,

"పెద్దమ్మా, పెద్దోడు నాతో ఏం చెప్తలేడు, ఏది అడిగినా 'ఏం లేదు' అంటడు, గట్టిగ అడిగితే తలుపేసుకుంటడు" అని నిన్న బాధపడ్డావు కదా. ఫోన్లో చెప్దామంటే మధ్యలో చిన్నది ఫోను గుంజుకుంటది, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నీకు టైం లేకపోవడం వల్లే ఇదంతా అనుకుంటున్నావు. కాదు. హనుమకొండ బడిలో ఇన్నేళ్లు పంతులమ్మగా ఉండి చూసిందే చెప్తున్నా. పొద్దంతా ఇంట్లోనే ఉండే తల్లులకు ఒక్క ముక్క చెప్పని పిల్లలున్నారు, ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసి చీకటి పడ్డాక ఇల్లు చేరే తండ్రికి బడి ముచ్చటంతా పూసగుచ్చినట్టు చెప్పే పిల్లలూ ఉన్నారు. ఆ తండ్రి ఉండేది కాసేపే, కానీ ఆ కాసేపు చెవి మొత్తం బిడ్డకే ఇస్తాడు.

వాడు బడి నుంచి రాగానే నువ్వు అడిగేవేంటో ఒకసారి గుర్తు చేసుకో. డబ్బా మొత్తం తిన్నావా, హోంవర్క్ ఏమిచ్చిన్రు, టెస్టులో ఎన్నొచ్చినయ్, పక్కింటోనికి ఎన్నొచ్చినయ్. పోలీస్ స్టేషన్లో అడిగినట్టు అడిగితే ఎవరైనా 'ఏం లేదు' అనే అంటారు. (పక్కింటోని మార్కులు ఇకమీదట అడగకు, అవి నీకెందుకు?) మంచినీళ్లిచ్చి ఊరుకో. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే పిల్లలు చెప్పరు, చేతులు పనిలో ఉండి, కళ్లు కళ్లల్లో పెట్టి చూడాల్సిన అవసరం లేనప్పుడే నోరు విప్పుతారు. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు చూడు. తడిపిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్లతో మెలేస్తూ తిప్పుతుంటాం కదా, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చిన్న ముద్ద చేతిలో పెట్టు. వాడి సకినం వంకర టింకర వస్తది, తెగిపోతది, రానీ, సరిచేయకు. మూడో సకినానికో నాలుగో దానికో వాడంతట వాడే "అమ్మా, మా క్లాసుల ఒకడున్నడు..." అని మొదలుపెడతాడు. బతుకమ్మకు గునుగు పూల కొసలకు రంగులద్దేటప్పుడూ అంతే. పండుగ దాకా ఆగాల్సిన పని లేదు, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూడా మాట్లాడుకోవచ్చు.

చెప్పడం మొదలుపెట్టాక నువ్వు ఏమంటావన్నది అసలు సంగతి. "గేమ్స్ సార్ నన్ను టీంల తీసుకోలే" అన్నాడనుకో, నీ నోటి దాకా "అందుకే రోజూ ప్రాక్టీస్ చేయమన్న" అని వస్తది. మింగెయ్. "అయ్యో, చాలా బాధైందా?" అని ఆగు. అంతకుమించి వద్దు. ఆ సప్పుడు లేని కాసేపు నీకు కష్టంగా ఉంటది, కానీ మిగతా ముచ్చట బయటికొచ్చేది అప్పుడే. సలహా కావాలంటే వాడే అడుగుతాడు.

ఇక ఫోను. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. పసిబిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ నవ్వింది, చేతులు చాపింది, అరిచింది, తల్లి పలకకపోయేసరికి ముఖం తిప్పుకుని ఏడుపందుకుంది. మనం స్క్రీన్ చూసేటప్పుడు మన ముఖం కూడా దాదాపు అట్లాగే ఉంటది, అద్దంలో చూసుకో. ఇంట్లోకి రాగానే ఫోను ఫ్రిజ్ మీద పెట్టు, తిన్నాకే ముట్టు. మూడేళ్ల చిన్నదానికి ముద్ద ముద్దకూ వీడియో పెడుతున్నావు, ఆ వయసుకు రోజు మొత్తం మీద గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మొదటి వారం ఒర్రుతది, అన్నం సగం వదిలేస్తది, కంగారుపడకు, ఆకలైతే తింటది. లక్నవరం పోయినప్పుడు కూడా వేలాడే వంతెన మీద రీల్ కోసం పిల్లల్ని నాలుగుసార్లు నడిపించకు. వాళ్లు నీళ్లలోకి చూస్తూ నిలబడితే నువ్వూ నిలబడు.

కొట్టడం మాత్రం పూర్తిగా మానెయ్. బడిలో టీచర్లు కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది, ఇంట్లో ఎందుకు? కోపం ఎవరికైనా వస్తది. ఆఫీసు టెన్షన్ వాడి మీద తీర్చుకుంటే, రాత్రి పడుకునే ముందు పోయి "ఇందాక ఊరికే అరిచిన, తప్పు నాదే" అను. "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించకు, దాంతో చెప్పిందంతా వృథా అయిపోతది.

అల్లుడు ఫీజులు కట్టి, బండి మీద బడి దగ్గర దింపితే తన పని అయిపోయిందనుకుంటున్నాడు. మంచోడే, కానీ ఆ బండి మీద పోయే దారంతా బ్లూటూత్‌లో మాట్లాడుతుంటాడు. అది తీసి జేబులో పెట్టుకోమని నా మాటగా చెప్పు. నువ్వు చెప్తే గొడవైతది, నేను చెప్పానంటే వింటాడు.

పెద్దమ్మ