వానొస్తే ఉరుకుడేనా?

ప్రశ్న: సార్, మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు. వాడి పుణ్యమా అని నాకూ అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది, ఆదివారం తెల్లారకముందే లేచి ఫోన్‌లో చూస్తున్నా. అక్కడ వాన మొదలైందంటే చాలు, "పెద్దనాన్నా, ఇక విసురుడు బంద్, ఉరుకుడే" అని మెసేజ్ పెడతాడు. తడిసిన బంతి విసిరేవాడి చేతిలో జారితే, ఉరికేవాడి చేతిలో జారదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: జారుతుందన్నా, బాగానే జారుతుంది. మీవాడు చెప్పింది సగం నిజం.

ఆ ఆటలో (మన కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకుని ఆడేది) నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి (గజమంటే మూడడుగులు). విసిరితే దాదాపు 400 గ్రాముల తోలు బంతి తడి చేతిలోంచి గాల్లోకి వెళ్లి ఇంకొకరి తడి చేతుల్లో పడాలి. ఉరికితే ఆ గాలి ప్రయాణం ఉండదు, రెండు చేతులతో కడుపుకు అదుముకుని దూరడమే. మీవాడి లెక్క ఇంతవరకు కరెక్టు. కానీ ఆ లెక్క ఎదుటివాళ్లకూ తెలుసు కదా, విసరరని తెలిశాక ఏడెనిమిది మంది ముందుకొచ్చి దారి మూసేస్తారు.

అసలు సంగతి బంతిలో కంటే కాళ్లలో ఉంది. ఉరికేవాడు ఒక్కడే ఉరకడు, వాడి ముందు ఐదుగురు, ఒక్కొక్కరు 130 కిలోలకు అటూఇటూ ఉండేవాళ్లు, ఎదుటివాళ్లను నెట్టి దారి చేయాలి. బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను నెట్టి చూశారా ఎప్పుడైనా? చేతుల్లో ఎంత బలమున్నా కాలు ఆనకపోతే దండగ. ఇక్కడా అంతే. కాకపోతే ఉరికేవాడికి ఒక లాభం ఉంది, ఎటు పోవాలో వాడికి ముందే తెలుసు. ఆపేవాడు చూసి తిరగాలి, ఆ తిరగడంలోనే జారిపోతాడు. కబడ్డీలో తడి కోర్టు మీద కూతకు పోయినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నేనూ డిగ్రీలో వానలో ఎదుటి కార్నర్‌ను బోల్తా కొట్టించి మురిసిపోయినవాడినే, మరుసటి కూతలో పక్కకు తిరగబోయి నేనే పడ్డా, అది వేరే కథ. అందుకే తడి రోజున కోచ్‌లు అంచు చుట్టూ తిరిగే పరుగులు తగ్గించి నిటారుగా మధ్యలోకి పంపుతారు. పక్కకు సర్రున కోసుకుపోయే సన్నటి కుర్రాడి కంటే భుజం పెట్టి దూరే మొద్దు పిల్లవాడే ఆ రోజు పనికొస్తాడు.

నేల కూడా చూడాలి. మనకు ఎర్ర చెల్కలో వాన పడ్డా కాసేపటికి నడవొచ్చు, నల్లరేగడిలో అయితే చెప్పులు చేతిలో పట్టుకోవాల్సిందే. అక్కడా గడ్డి మైదానాలు చిత్తడైతే బూట్లకు పొడుగు స్టడ్స్ బిగించుకుంటారు, కృత్రిమ టర్ఫ్ అయితే నీళ్లు కిందికి దిగిపోతాయి, బురద బాధే ఉండదు. అయినా బంతి మాత్రం తడుస్తుంది. ఎవరి బంతులు వాళ్లే తెచ్చుకుంటారు కాబట్టి పక్కన తువ్వాళ్లతో తుడిచి పొడిది అందిస్తూనే ఉంటారు.

ఇక మీవాడికి పంపడానికి రెండు మ్యాచ్‌లు చెబుతా, రెండింటిలోనూ నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టే. 2015 అక్టోబర్ 3న సౌత్ కరోలినాలోని క్లెమ్సన్‌లో అక్కడి క్లెమ్సన్ జట్టుతో ఆట, కుండపోత వాన. చివరి క్వార్టర్‌కు 21-3తో వెనకబడ్డ ఈ జట్టు విసిరే పైకి లేచింది, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డిషోన్ కైజర్ ఆ వానలో మొత్తం 321 గజాలు విసిరాడు. ఆఖరి సెకన్లలో స్కోరు చేశాక, సమం చేయడానికి రెండు పాయింట్ల అదనపు చాన్స్ వస్తే, అప్పుడు మాత్రం బంతి పట్టుకుని ఉరికాడు, ఆపేశారు. 24-22తో ఓటమి. మరుసటి ఏడాది అక్టోబర్ 8న మాథ్యూ తుఫాను గాలివానలో నార్త్ కరోలినాలోని రాలీ ఊళ్లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ జట్టుతో ఆడారు. అదే కైజర్ 26 సార్లు విసిరితే 9 మాత్రమే అందాయి, వచ్చింది 54 గజాలు. 10-3తో ఓడారు, ఇంత గాలిలో విసురుడేంటని కోచ్ బ్రయాన్ కెల్లీని అందరూ తిట్టారు. ఆయనేమో స్నాప్‌లే సరిగా రాలేదన్నాడు. స్నాప్ అంటే ఆట మొదలుపెట్టడానికి సెంటర్ (ముందు వరుస మధ్యలో ఉండేవాడు) తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి పంపడం. క్వార్టర్‌బ్యాక్ నాలుగైదు గజాలు వెనక నిలబడితే ఆ బంతీ గాల్లోనే రావాలి, అంటే మీరన్న జారుడు ఉరకకముందే మొదలైనట్టు! గెలిచిన జట్టుకూ ఉరికి టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటిస్తే వచ్చే స్కోరు) రాలేదు, అవతలివాళ్ల పంట్‌ను (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు వదిలేయడం) అడ్డుకుని, ఆ బంతి పట్టుకుపోయి కొట్టారు.

నన్నడిగితే విసురుడును వాన కంటే గాలే ఎక్కువ చెడగొడుతుంది. ఈసారి మీవాడు మెసేజ్ పెడితే ముందు గాలి సంగతి అడగండి.

ప్రశ్న: క్రికెట్‌లా వానకు మ్యాచ్ ఆపరా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: వానకు ఆపరమ్మా, మెరుపుకు ఆపుతారు. దగ్గర్లో మెరుపు పడితే అందరినీ లోపలికి పంపి, చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ మొదలుపెడతారు. మధ్యలో ఇంకోటి మెరిస్తే మళ్లీ మొదటి నుంచి 30. స్టాండ్స్‌లో రెయిన్‌కోట్లు వేసుకుని కూర్చున్నవాళ్ల ఓపికకు మాత్రం దండం పెట్టాలి.