ప్యాకార్డ్ పేట్రీషియన్ కొనడానికి 401(కె) నుంచి అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. మిషిగన్‌లోని ట్రాయ్‌లో హెచ్‌-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను. ఐ-140 (యజమాని నా తరఫున పెట్టిన గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఆమోదం పొంది, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాను. ఇద్దరు పిల్లలు. ఇంటి రుణ వాయిదాతో కలిపి నెలకు 6,500 డాలర్ల ఖర్చు ఉంటుంది. పొదుపు ఖాతాలో 18,000 డాలర్లు ఉన్నాయి. రిటైర్మెంట్ వాటా పోను నెలకు 1,400 మిగులుతాయి. మా పక్కింటి పెద్దాయన తన తండ్రి కొన్న 1956 నాటి ప్యాకార్డ్ పేట్రీషియన్ సెడాన్‌ను ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు దాన్ని నాకు 22,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. నా రిటైర్మెంట్ పొదుపు ఖాతా అయిన 401(కె) నుంచి అప్పు తీసుకుని కొని, పదేళ్ల తర్వాత అమ్మితే మంచి పెట్టుబడి అవుతుందని నా ఆలోచన. నా భార్య వద్దంటోంది. మీరేమంటారు? – మిషిగన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: 401(కె) అప్పుతో ఈ కారును ఇప్పుడు కొనవద్దన్నదే నా సలహా. అయితే మీ కోరిక అర్థం లేనిదని నేను అనను. ఆటోమొబైల్ రంగానికి పుట్టిల్లయిన డెట్రాయిట్ పక్కనే ఉంటూ, ఒకే కుటుంబం చేతిలో నిలిచిన ప్యాకార్డ్‌ను చూసి మనసు పడటం సహజమే. అందుకే ఆ సంస్థ చరిత్రను కూడా పక్కన పెట్టకుండా, దానితో కలిపే లెక్క చూద్దాం.

ప్యాకార్డ్ సోదరులు జేమ్స్, విలియం తమ తొలి కారును 1899 నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని వారెన్ పట్టణంలో నడిపారు. 1903లో సంస్థ డెట్రాయిట్‌కు తరలింది. అక్కడ ఈస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఆల్బర్ట్ కాన్ రూపకల్పన చేసిన కర్మాగారం ఆ తర్వాతి పారిశ్రామిక భవనాలకు దారి చూపింది. 1915లో వచ్చిన పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్‌తో అమెరికన్ సంపన్నుల కార్లలో ప్యాకార్డ్ ముందు వరుసకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే సంస్థ రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లను 55 వేలకు పైగా తయారుచేసింది. ఇంతటి ఇంజనీరింగ్ ప్రతిష్ఠ ఉన్న సంస్థ కూడా 1956 జూన్‌లో డెట్రాయిట్‌లో కార్ల తయారీ ఆపేయవలసి వచ్చింది. మీకు ఇవ్వజూపుతున్న కారు ఆ చివరి మోడల్ సంవత్సరానిదే.

ఆ పతనంలో ఆర్థిక సలహాదారుగా నేను గమనించేవి కొన్ని ఉన్నాయి. మహా మాంద్యం కాలంలో, 1935లో, దాదాపు వెయ్యి డాలర్ల ధరకు వన్ ట్వంటీ అనే మోడల్‌ను అమ్మి సంస్థ నిలదొక్కుకుంది. కానీ అదే పేరుతో చవక కార్లు రావడంతో విలాస కార్ల కొనుగోలుదారులు క్రమంగా పోటీ కారైన కాడిలాక్ వైపు మళ్లారు. కారు బాడీల కోసం బయటి సరఫరాదారైన బ్రిగ్స్ మీద ఆధారపడటం ఇంకో బలహీనత. 1953 చివర్లో బ్రిగ్స్‌ను పోటీ కార్ల సంస్థ క్రైస్లర్ కొనేయడంతో బాడీల తయారీని హడావుడిగా సొంతంగా చేపట్టాల్సి వచ్చింది. దాని ఫలితంగా 1955 కార్ల నాణ్యత దెబ్బతింది. 1954లో స్టూడీబేకర్ అనే మరో కార్ల సంస్థతో కలిసినప్పుడు, ఆ సంస్థ నష్టం లేకుండా నడవాలంటే ఏడాదికి ఎన్ని కార్లు అమ్మాలన్న లెక్కను ముందుగా సరిగ్గా తేల్చుకోలేదు. చివరకు 1957, 1958లలో స్టూడీబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మి, ఆ పేరుకు కూడా ముగింపు పలికారు.

వారసత్వం ఎంత గొప్పదైనా అది పాత కారు ధరను నిర్ణయించదు. అలాంటి కారును కోరుకునేవారు ఎంతమంది ఉన్నారు, వారు ఏ రూపాన్ని కోరుకుంటున్నారు అన్నవే ధరను తేలుస్తాయి. అమెరికాలోని క్లాసిక్ కార్ క్లబ్ తన అత్యున్నత గుర్తింపును 1915 నుంచి 1948 వరకు తయారైన ఎంపిక చేసిన కార్లకే పరిమితం చేసింది కాబట్టి, 1956 పేట్రీషియన్ ఆ జాబితాలోకి రాదు. అదే సంవత్సరం 276 మాత్రమే తయారైన ప్యాకార్డ్ కరేబియన్ కన్వర్టిబుల్ (పైకప్పు మడవగలిగే కారు) కోసం సేకరణదారులు పోటీ పడతారు. పేట్రీషియన్ సెడాన్లు 3,775 తయారయ్యాయి. నాలుగు తలుపుల సెడాన్లకు కన్వర్టిబుల్స్‌కున్న గిరాకీ ఎన్నడూ లేదు. పైగా ఈ కార్లను చిన్నతనంలో చూసి ప్రేమించిన తరం వయసు మళ్లుతోంది. పదేళ్ల తర్వాత కొనేవారు పెరుగుతారని నమ్మడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఇక ఖర్చు. కొన్నప్పుడే మిషిగన్‌లో 6 శాతం పన్ను, అంటే 1,320 డాలర్లు కట్టాలి. బీమా, చలికాలంలో కారును దాచే చోటు, ఆయిల్ వంటి ద్రవాలు, టైర్లు, చిన్న మరమ్మతులకు ఏడాదికి 1,500 డాలర్లని ఒక అంచనా వేసుకుందాం. అది కారు ధరలో దాదాపు 7 శాతం. అంటే అమ్మకపు కమిషన్లను వదిలేసినా, ధర ఏటా ఆ స్థాయిలో పెరిగితేనే మీరు పెట్టిన డబ్బు మీకు తిరిగి వస్తుంది. పైగా సొంత వాడకానికి ఉంచుకున్న వస్తువును నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్ను లెక్కలో చూపుకోలేరు, లాభం వస్తే మాత్రం పన్ను కట్టాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ వీసా. ఉద్యోగం పోతే హెచ్‌-1బి వారికి సాధారణంగా గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆలోగా కొత్త ఉద్యోగం దొరకకపోతే, కొనేవాడి కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సిన పాత కారును మీరు తొందరలో అమ్మాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత అక్షరాలా వర్తించే పరిస్థితి అది. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న పాత కారును హైదరాబాదుకు తెచ్చుకోవచ్చన్న ఆశ ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. మీ స్థితిలో ఉన్న కుటుంబానికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 39,000 డాలర్లు, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉండాలి. మీ దగ్గర ఉన్నవి 18,000. ఆ 21,000 లోటు కారు ధరకు దాదాపు సమానం. మీ భార్య వద్దనడంలో న్యాయం ఉంది.

401(కె) అప్పు ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. సాధారణంగా ఐదేళ్లలో తీర్చాలి కాబట్టి అసలే నెలకు 367 డాలర్ల వరకు పోతుంది, వడ్డీ అదనం. ఉద్యోగం పోయి, మిగిలిన బాకీని నిర్ణీత గడువులోగా భర్తీ చేయలేకపోతే, దాన్ని ఉపసంహరణగా లెక్కగట్టి ఆదాయపు పన్నుతో పాటు మీ వయసులో 10 శాతం అదనపు పన్ను కూడా వేస్తారు. జీతం ఆగిన పరిస్థితిలోనే ఈ భారం మీద పడే ప్రమాదం ఉంది.

కాబట్టి నెలకు మిగిలే 1,400ను ముందు అత్యవసర నిధిలో వేయండి. పదిహేను నెలల్లో ఆ లోటు తీరుతుంది. ఆ తర్వాత కారు కోసం వేరే ఖాతా తెరిచి నగదు కూడబెట్టండి. ఆ డబ్బును పెట్టుబడిగా కాక, కుటుంబ సంతోషం కోసం చేసే ఖర్చుగా ఇద్దరూ ఒప్పుకుని పెట్టండి. అలా పెట్టినప్పుడు ఈ కారు కొనడానికి నాకు ఏ అభ్యంతరమూ ఉండదు. ఈ మాటలన్నీ పెద్దాయనకు దాచకుండా చెప్పండి. తండ్రి జ్ఞాపకాన్ని మంచి చేతుల్లో పెట్టాలనుకునే మనిషి, ఎక్కువ ధరకంటే మీ నిజాయితీకి విలువ ఇచ్చే అవకాశం ఉంది. ఆయన ఆగలేకపోతే వదులుకోండి. షెల్బీ టౌన్‌షిప్‌లో 1928లో మొదలైన ప్యాకార్డ్ పరీక్షా మైదానం మీకు దగ్గరలోనే ఉంది. అక్కడికి వచ్చే యజమానులతో పరిచయం పెంచుకుంటే, ముందుముందు ఇలాంటి మరో కారు కబురు అందవచ్చు. 'కారు ఉన్నవారినే అడగండి' అని ఈ సంస్థ దశాబ్దాల పాటు ప్రకటనల్లో చెప్పిన మాటను మీరు కూడా పాటించండి.

డబ్బు సిద్ధమయ్యాక, ఈ మోడల్ తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి. ముందు చక్రాలను వెనుక చక్రాలతో కలిపే పొడవాటి టార్షన్ బార్లు (మెలి తిరిగి కుదుపును తట్టుకునే ఉక్కు కడ్డీలు), బరువు పడినప్పుడు కారును సమం చేసే విద్యుత్ మోటారు దీని ప్రత్యేకత. ఇద్దరు పెద్దవాళ్లను వెనుక సీట్లో కూర్చోబెట్టి కొన్ని సెకన్లు ఆగండి. దాదాపు ఏడు సెకన్ల తర్వాత మోటారు చప్పుడు వినిపించి, దిగిన వెనుక భాగం నెమ్మదిగా పైకి లేవాలి. కదలిక లేకపోతే మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. గేర్లు మార్చే బటన్లు ఆ కారులో ఉంటే ప్రతి బటన్నూ వేడి ఇంజన్‌తో నొక్కి చూడండి, ఆ విద్యుత్ వ్యవస్థ ఇబ్బంది పెట్టేదిగా పేరుపడింది. ఆయిల్ పంపులోకి గాలి చేరడం వల్ల వాల్వ్ లిఫ్టర్లు (ఇంజన్ కవాటాలను తెరిచే భాగాలు) టకటకలాడటం ఈ వి8 ఇంజన్ల పాత జబ్బు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రం కాబట్టి అడుగున తుప్పు ఉందేమో లిఫ్ట్ మీదకెక్కించి చూడాలి.

బీమా తీసుకునేటప్పుడు తరుగుదల లెక్కగట్టే మామూలు పాలసీ వద్దు. ముందే ఒప్పుకున్న విలువను చెల్లించే పాలసీ తీసుకోండి. మిషిగన్ చారిత్రక వాహన ప్లేట్‌తో ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్ కార్యక్రమాలకు, ఆగస్టు నెలలో మామూలుగానూ నడపవచ్చు, రోజూ ఆఫీసుకు కాదు. కారు విలువను పెంచే పెద్ద పునరుద్ధరణ పనుల బిల్లులు దాచుకుంటే, ఎప్పుడైనా లాభానికి అమ్మినప్పుడు కొనుగోలు విలువకు వాటిని కలిపి చూపవచ్చు. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) పెద్దాయన పేరు మీదే ఉందా, ఆయన తండ్రి పేరు మీదే ఉండిపోయిందా అన్నది బయానా ఇచ్చే ముందే కాగితం చేతిలోకి తీసుకుని చూడండి. తండ్రి పేరు మీదే ఉంటే, వారసత్వ పత్రాలతో ఆయన తన పేరు మీదకు మార్చుకున్నాకే డబ్బు చెల్లించండి.