ఒక్క కట్ట బండి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు గీసి పంపిన చేతి బండి బొమ్మ చూశాను. బాగుంది గానీ, అది నాలుగు గడ్డి కట్టలు మోసే బండి. నీకున్నవి రెండు బర్రెలు. పొలం కాడి నుంచి కొట్టానికి రోజుకో గడ్డి కట్ట తెస్తే ఇంకా మిగులుతుంది. ఒక్క కట్టకే చెయ్యి. నాలుగింటికి చేస్తే నాలుగూ వేస్తావు, కాలువ కట్ట ఎక్కలేక నడుమ ఆగిపోతావు.

ముందు కట్టను కొలువు. మన సాగర్ ఎడమ కాలువ కింద హార్వెస్టర్ కోసిపోయాక బేలర్ చుట్టే కట్ట సుమారు 2 అడుగుల లావు, 3 అడుగుల పొడవు. ఎండుగడ్డి అయితే 20 కిలోలకు అటూ ఇటూ. వాన తాగిన కట్టను ఓసారి ఎత్తి చూడు, నడుం చెబుతుంది. అందుకే బండి 50 కిలోలకు ఆగేట్టు ఉండాలి.

గుండ్రటి కట్టకు చదును పలక వెయ్యకు, దొర్లుతుంది. 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపులు రెండు బండి పొడవునా పక్కపక్కన వేసి, మధ్యన 16 అంగుళాల సందు వదులు. కట్ట ఆ సందులో కూర్చుంటుంది, తాడు కట్టకపోయినా పక్కకు పోదు. ఇక్కడొక తిరకాసు ఉంది. కట్ట ఆ సందులో 3 అంగుళాలు కిందికి దిగుతుంది. ఇరుసు గానీ అడ్డ పైపు గానీ సరిగ్గా పైపుల మట్టానికి వేశావంటే కట్ట దాని మీదే కూర్చొని ఊగుతుంది. అడ్డంగా వచ్చేవన్నీ 4 అంగుళాలు కిందికి దించు.

ఇక చక్రాలు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. మొదటి బండికి పాత ఎక్సెల్ మోపెడ్ చక్రాలు తెచ్చి, ఫ్రేము పక్కలకు బోల్టు బిగించి, ఒక్క వైపు నుంచే వేలాడదీశాను. రెండు రోజులు బాగానే తిరిగింది. మూడో రోజు బండ్ల బాటలో గుంత దిగగానే ఎడమ చక్రం లోపలికి వాలింది, బండి పక్కకు ఒరిగి కట్ట దొర్లి పంట కాలువలో పడింది. ఇంటికొచ్చి బోల్టు ఊడదీస్తే అరటికాయలా వంగి ఉంది. మోటారు సైకిలుకైనా మామూలు సైకిలుకైనా చక్రానికి రెండు పక్కలా ఫోర్కు ఎందుకుంటుందో అప్పుడు తలకెక్కింది. ఆ హబ్బు రెండు వైపులా ఆనిక ఉండాలని చేసింది. కాబట్టి చక్రం బయటి వైపు కూడా ఒక పైపు వెయ్యి, బోల్టు రెండు పైపులకూ కిందికి దించిన పట్టీల్లోంచీ పోవాలి. అలా చేస్తే మొత్తం వెడల్పు 3 అడుగుల 2 అంగుళాలు దాకా వస్తుంది. వెల్డింగ్ కంటే ముందు కొట్టం తలుపు కొలుచుకో. (రెండో బండి నాకు గేటులో పట్టలేదు. మీ అత్త ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.)

ఇరుసు కట్ట నడిమధ్యకు రాకూడదు, 3 అంగుళాలు వెనక్కి, అంటే పిడికి అవతలి వైపుకు ఉండాలి. అప్పుడు పిడి మీద కొద్దిగా బరువు ఉంటుంది, చేతికి బండి తెలుస్తుంది. ఇంకా తగ్గిస్తే కాలువ కట్ట ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి పిడి చేతిలోంచి పైకి లేస్తుంది. పిడి నడుం ఎత్తుకు రావాలి.

వెనక అంచుకు నాలుగు వేళ్ల వెడల్పు రేకు పట్టీ వెల్డింగ్ చేయించు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాల ట్రాలీ చూశావు కదా, అదే లెక్క. కట్టను నిలబెట్టి, బండిని నిటారుగా దానికి ఆనించి, పట్టీ కట్ట కిందికి తోసి, పిడి నీ వైపు లాక్కో. ఎత్తే పనే లేదు.

ఈ బండిని ఎక్సెల్ వెనకాల తగిలించే ఆలోచన మానుకో. మలుపులో ఎక్సెల్ ఒక పక్కకు వాలుతుంది, వెనకది వాలదు. బ్రేకు వేస్తే నెట్టుతుంది. పైగా ఏదన్నా అయితే ఇన్సూరెన్స్ వాళ్లతో పంచాయితీ.

వెల్డింగ్‌కు జింకు పూత ఉన్న జీఐ పైపు తేవద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూత లేని నల్ల పైపు చాలు. ముందు అన్ని మూలలా టాకులే, అంటే చుక్క అతుకులే వేయించు, ఈ మూల నుంచి ఐమూలగా ఎదురు మూలకు దారం పట్టి రెండు కొలతలూ ఒకటే అయ్యాకే పూర్తిగా వెల్డింగ్. లేకుంటే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

చక్రాలు కొనకు. నా కొట్టం వెనక ఎక్సెల్‌వి రెండున్నాయి, ట్యూబులు మాత్రం సర్కారు తుమ్మ ముళ్లకు పోయాయి. ఆదివారం వచ్చి తీసుకుపో. వచ్చేటప్పుడు కట్ట కొలతా, తలుపు కొలతా కాగితం మీద రాసుకొని రా.

మీ మామ