ఖిచిడీ నేషనల్ డిష్ అయితే మరి మన పప్పుచారు?

ప్రశ్న: నేను ఢిల్లీలో జాబ్ చేస్తున్నానండి. రూమ్మేట్స్ ముగ్గురూ అటువైపు వాళ్ళే. ఖిచిడీని గవర్నమెంటే నేషనల్ డిష్‌గా డిక్లేర్ చేసిందంటారు. నాకేమో కాస్త జ్వరం తగిలినా పప్పుచారూ వడియాలే గుర్తొస్తాయి, అది చూసి నీకు దేశం కంటే ఊరే ఎక్కువ అని ఏడిపిస్తారు. నిజంగా డిక్లేర్ చేశారా?

జవాబు: లేదు బాబూ. 2017 నవంబర్లో ఢిల్లీలో వరల్డ్ ఫుడ్ ఇండియా అని పెద్ద మేళా జరిగింది, దానికి ముందు ఖిచిడీని జాతీయ వంటకం చేసేస్తున్నారని ఓ వార్త బయటికొచ్చింది, ఇంక చూస్కోండి, బిర్యానీ ఏం పాపం చేసిందని ఒకళ్ళు, ఇడ్లీ సంగతేంటని ఇంకొకళ్ళు, ఆన్‌లైన్‌లో ఒకటే గోల. చివరికి అప్పటి ఫుడ్ ప్రాసెసింగ్ మంత్రి హర్‌సిమ్రత్ కౌర్ బాదలే, అబ్బే అదేం లేదు, రికార్డు కోసం వండుతున్నామంతే అని ట్వీట్ చేయాల్సొచ్చింది. వండారు కూడా, 918 కిలోలు, గిన్నిస్‌లోకెక్కింది. మనకి జాతీయ జంతువు ఉంది, పక్షి ఉంది, పండు కూడా ఉంది గానీ జాతీయ వంటకం మాత్రం లేదు.

అయినా మీ వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, ఎందుకంటే ఆ ఖిచిడీ మనకేమీ కొత్త కాదు. బియ్యం, పెసరపప్పు కలిపి వండితే మన ఇళ్ళల్లో పులగం, మిరియాలూ నెయ్యీ గట్టిగా పడితే కట్టె పొంగలి, పెసరపప్పుకి బదులు కందిపప్పు వేసి, చింతపండూ కూరగాయలూ మసాలా చేరిస్తే కర్ణాటకలో బిసిబేళె బాత్, వాన పడితే బెంగాలీలకి ఖిచురీ. హైదరాబాద్‌లో అయితే పొద్దున్నే ఖిచిడీ, ఖీమా, ఖట్టా అనే పుల్లటి పులుసు మూడూ కలిపి లాగిస్తారు, అది తిన్నాక ఆఫీసులో నిద్ర ఆపుకోవడం మీ వల్ల కాదు. పద్నాలుగో శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బటూటా కూడా, ఇక్కడివాళ్ళు పొద్దున్నే పెసలూ బియ్యం కలిపి వండి నెయ్యేసుకుని తింటారని రాసుకున్నాడు.

ఇంకోటి, మన ఆవకాయ మన ప్రాణం అంటాం కదా, అందులో మిరపకాయ అమెరికా ఖండాల సరుకు, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది, అప్పటిదాకా మనకి ఘాటంటే మిరియాలే. మీ పప్పుచారులో టమాటా కూడా ఆ ఖండాల నుంచి వచ్చిందే. దాన్ని మనది అనడానికి మనకెప్పుడైనా మొహమాటం వేసిందా?

జ్వరం వచ్చినప్పుడు గుర్తొచ్చేది చిన్నప్పుడు జ్వరమొస్తే పెట్టినదే, దానికీ దేశభక్తికీ సంబంధం లేదు. మీ రూమ్మేట్‌కి ఖిచిడీ ఎందుకిష్టమో అడగండి, వాళ్ళమ్మ సంగతే చెప్తాడు, మంత్రిగారి సంగతి చెప్పడు.

ఈ ఆదివారం మీరే మన పులగం వండండి. పెసరపప్పుని కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, దానికి సమానంగా బియ్యం వేసి, నీళ్ళు కాస్త ఎక్కువే పోసి మెత్తగా ఉడికించండి. నేతిలో జీలకర్ర, మిరియాలు, కరివేపాకు వేసి పైన పొయ్యండి, పక్కన వేరుశెనగ పచ్చడి. మిరియాలు చిటపటమన్నాక ఒక్క క్షణం ఆగి దించండి, మాడితే చేదు. గిన్నె ఖాళీ అయ్యాకే దాని పేరు చెప్పండి.

ప్రశ్న: మా టీమ్‌లో కలకత్తా అమ్మాయి, కటక్ అబ్బాయి రసగుల్లా మాదంటే మాదని రోజూ గొడవ. ఎవరిదండీ?

జవాబు: కాగితం మీద ఇద్దరిదీ. 2017లో 'బంగ్లార్ రసొగొల్లా'కి జీఐ ట్యాగ్ వచ్చింది, 2019లో 'ఒడిశా రసగోలా'కీ వచ్చింది. జీఐ అంటే ఫలానా చోట ఫలానా పద్ధతిలో చేసినదానికే ఆ పేరు వాడుకోవాలని అంతే, ముందు ఎవరు కనిపెట్టారో తేల్చే తీర్పు కాదది. మన బందరు లడ్డూకీ, ఆత్రేయపురం పూతరేకులకీ కూడా ఉందది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇద్దర్నీ చెరో డబ్బా తెమ్మనండి, మీరు జడ్జిగా కూర్చోండి, రెండో రౌండ్ కూడా తిన్నాకే తీర్పు చెప్తానని కాస్త బెట్టు చెయ్యండి.