సమాధానం: విజయనగరంలో కలిసి వాయించేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

వయొలిన్ నేర్చుకుని, ఇప్పుడు ఇంట్లో ఒక్కరే వాయిస్తుంటే విసుగొస్తోందని రాశారు. విజయనగరంలో ఉండి తోడు లేదంటే ఎలాగండీ! 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకి వెళ్లి, వీణ, మృదంగం విద్యార్థులెవరైనా కలుస్తారేమో గురువుల్ని అడగండి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు అది.

ముగ్గురు చాలు. ముందు శ్రుతి, అంటే అందరూ పట్టుకోవాల్సిన ఆధార స్వరం, తేల్చుకోండి. వేణువు ఉంటే దాని శ్రుతి మారదు, మీరే తీగలు సవరించుకోవాలి. మొదట్లో కొత్త కృతుల జోలికి పోకుండా అందరికీ వచ్చిన మోహన రాగ వర్ణమే (సాధనకి వాడే రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించండి. ఒంటరి సాధనలో మనకి తెలియకుండానే వేగం పెరిగిపోతుంది, పక్కన మృదంగం ఉంటే వెంటనే దొరికిపోతాం! అవతలివాళ్ల గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) వింటూ మన కమాను ఒత్తిడి తగ్గించి మెల్లగా వాయించడం కూడా అక్కడే అలవాటవుతుంది. కచేరీ అంటే టెన్షన్ అయితే వీధి రామాలయంలో శనివారం అరగంట అడిగి చూడండి, సాధారణంగా కాదనరు.