డిస్‌ప్లేలో నాలుగే ఉంది, బట్టలో చార ఎందుకు?

ప్రశ్న: మా సర్క్యులర్ నిట్టింగ్ మిషన్‌కి (గొట్టంలా బట్ట అల్లేది) పాత పాజిటివ్ ఫీడర్లు, అంటే నూలు అందించే పరికరాలు, తీసేసి, టెన్షన్ తమంతట తామే సర్దుకునే ఎలక్ట్రానిక్ ఫీడర్లు పెట్టారు. అన్నీ టెన్షన్ 4 సెంటీన్యూటన్లే (లాగే బలానికి కొలత) చూపిస్తున్నాయి. అయినా సాదా జెర్సీలో అడ్డచారలు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగినట్టున్నాయి. సెన్సార్లు తప్పు చూపిస్తున్నాయా సార్?
– నిట్టింగ్ సెక్షన్ సూపర్‌వైజర్

జవాబు: సెన్సార్లని అప్పుడే తిట్టకండి, అవి నిజమే చెబుతుండొచ్చు. పోగులన్నిట్లో టెన్షన్ ఒకటే అయినంత మాత్రాన వరసలన్నిటికీ వెళ్లే నూలు పొడవు ఒకటే అవ్వాలని లేదు, కంటికి చారగా కనిపించేది చాలాసార్లు ఆ పొడవులో తేడాయే. మీ పాత ఫీడర్లు ఏం చేసేవి? ఒకే బెల్టు మీద తిరిగే చక్రాలు ప్రతి పోగుకీ ఒకే పొడవు కొలిచి ఇచ్చేవి, ఎక్కడైనా సూదుల్ని పైకీ కిందికీ నడిపే క్యామ్ సూదిని కాస్త లోతుగా లాగితే అక్కడ టెన్షన్ పెరిగేదే తప్ప లూపు పొడవు పెద్దగా మారేది కాదు. కొత్తవి సరిగ్గా దీనికి తలకిందులు. టెన్షన్‌ని 4 దగ్గర పట్టుకుని కూర్చుంటాయి, క్యామ్ ఎక్కువ అడిగితే ఎక్కువ నూలు వదిలేస్తాయి. అంటే క్యామ్ సెట్టింగుల్లో ఇన్నాళ్లూ దాక్కున్న తేడాలు ఇప్పుడు బట్ట మీదకి వచ్చి ఉంటాయి.

ఇది అనుమానమే కాబట్టి ముందు తేల్చుకోండి. చార పడ్డ వరసలో ఒకటి, పక్కనున్న మంచి వరసలో ఒకటి తీసుకుని, రెండిట్లోనూ నిలువు గీతలు వంద లెక్కపెట్టి గుర్తు పెట్టి కత్తిరించండి. ఆ నూలు జాగ్రత్తగా ఊడదీసి, రెండిటికీ ఒకే చిన్న బరువు కట్టి, వంకర పోయేంత వరకే సాగదీసి కొలవండి (వేళ్లతో లాగి కొలిస్తే మీకు ఏది కావాలంటే అదే వస్తుంది!). పొడవుల్లో తేడా ఉంటే క్యామ్, ఫీడర్ వైపు చూడాలి. పొడవు సమానంగా ఉండి కూడా చార కనిపిస్తోందంటే తప్పు నూలుది, అప్పుడు తూకం వేయాలి. తూకానికి మాత్రం వంద లూపుల ముక్క చాలదు, 30 కౌంట్ (నూలు సన్నదనానికి కొలత) నూలు కిలోమీటరుకి 20 గ్రాములకి కొంచెం తక్కువే ఉంటుంది కాబట్టి ఆ ముక్క కొన్ని మిల్లీగ్రాములే తూగుతుంది. గొట్టం బట్ట చుట్టూ తిరిగే ఒక వరస నూలు మొత్తం తీయండి. బరువు తేడా వస్తే కౌంట్ తేడా, లేదా వేరే లాట్ (వేరే విడతలో తయారైన) నూలు కోన్ కలిసిపోయినట్టు. తూకం కూడా సమానంగా వచ్చిందా, ఇక పత్తి మిక్సింగ్ దగ్గరికి వెళ్లాల్సిందే.

సాక్సులు, జాకార్డ్, ఫ్లాట్ నిట్టింగ్ వేరు, అక్కడ వరస వరసకీ అడిగే నూలు మారిపోతుంది కాబట్టి టెన్షన్ పట్టుకునే ఫీడరే దిక్కు. సాదా జెర్సీకి పొడవు కొలిచి ఇచ్చేదే మేలని నేనంటాను. డబ్బు పెట్టి కొన్నాం కదా అని మొహమాటపడకండి.

ప్రశ్న: వార్పింగ్‌లో (కోన్ల నుంచి పడుగు చుట్టేటప్పుడు) కోన్లు అయిపోవచ్చే సమయానికి పోగులు తెగ తెగుతున్నాయి. అప్పటికని టెన్షన్ తగ్గించి పెడితే, నిండు కోన్ మీద వదులైపోతోంది. మధ్యే మార్గం ఏమైనా ఉందా?

జవాబు: నాబ్ తిప్పితే పోయే రోగం కాదండీ ఇది. కోన్ మీంచి ఊడే పోగు గాల్లో బెలూన్‌లా తిరుగుతుంది, వేగం పెరిగితే దాని టెన్షన్ వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. కోన్ సన్నబడ్డాక, అదే మీటర్ల వేగానికి ఆ బెలూన్ ఇంకా జోరుగా తిరగాలి, పైగా పోగు కోన్ ఒంటికి రాసుకుంటూ వస్తుంది. అందుకే చివర్లో బిగుస్తుంది.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. మీ టెన్షనర్ ఏ రకం? రెండు డిస్కుల మధ్య నొక్కేది అయితే, వచ్చిన టెన్షన్‌కి కొంత కలుపుతుంది. పిన్నులు, రాడ్ల చుట్టూ పోగుని వంచేది అయితే, వచ్చినదాన్ని గుణిస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం, పోగు మొత్తం 180 డిగ్రీలు వంగితే బయటికొచ్చేది సుమారు 2.57 రెట్లు. లోపలికి 4 వస్తే 10 పైచిలుకు, 8 వస్తే 20 దాటుతుంది. అదే 6 కలిపే డిస్క్ అయితే 10, 14 దగ్గర ఆగుతుంది. లోపలి తేడా నాలుగే, రాడ్ల దగ్గర అది పదయింది. కాబట్టి వంపులు తగ్గించండి. కోన్ నడిమి గీతకి ఎదురుగా గైడ్ కన్ను సూటిగా ఉందో లేదో ఒక్కో కోన్ దగ్గరా చూడండి, పక్కకి జరిగిన కన్ను చాలా క్రీళ్లలో (కోన్లు నిలబెట్టే స్టాండ్లలో) ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కోన్లు చివరికొచ్చాక వేగం తగ్గించుకోవడం కూడా మంచిదే, వేగం సగమైతే బెలూన్ వల్ల వచ్చే భాగం నాలుగో వంతుకి పడిపోతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఎయిర్‌జెట్ లూమ్‌లో (గాలితో పేకని విసిరే మగ్గం) పేక టెన్షన్‌ని సెన్సార్, పీఐడీతో (తేడా చూసి తనంతట తానే సరిదిద్దే కంట్రోలర్) అప్పటికప్పుడు కంట్రోల్ చేసే ప్రాజెక్ట్ తీసుకోమంటారా?

జవాబు: వేగం లెక్క వేసి చూడండి. నిమిషానికి 600 పిక్కులంటే (పిక్కు అంటే పేక ఒకసారి దాటడం) ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు, అందులో పేక ఎగిరేది కొంత భాగమే. అసలు ప్రమాదం చివర్లో, దూసుకుపోతున్న పోగుని, పేక చుట్టి ఉంచే డ్రమ్ దగ్గర పిన్ టక్కున ఆపినప్పుడు వచ్చే జర్క్‌లో. ఆ జర్క్‌ని సెన్సార్ చూసి, లెక్కించి, మోటార్ కదిలేసరికి పోగు తెగడం కూడా అయిపోతుంది. అందుకే లూమ్ తిరిగే కోణాన్ని బట్టి బ్రేక్ ముందే పోగుని కాస్త వంచుతుంది. సెన్సార్ రీడింగ్ తర్వాతి పిక్కుల టైమింగ్ సర్దడానికి పనికొస్తుంది. మీకు పీఐడీయే చేయాలని ఉంటే పడుగు వైపు వెళ్లండి, బీమ్ లెట్-ఆఫ్ (పడుగు చుట్టిన బీమ్ నుంచి నూలు వదలడం) నిదానంగా మారే వ్యవహారం. బీమ్ వ్యాసార్థం 40 సెంటీమీటర్ల నుంచి 10కి పడిపోతే, అదే బ్రేక్ టార్క్‌తో టెన్షన్ నాలుగు రెట్లవుతుంది, చక్కటి సమస్య. గెయిన్ (తేడాకి కంట్రోలర్ స్పందించే జోరు) మాత్రం అత్యాశతో పెంచకండి, బీమ్ ముందుకీ వెనక్కీ ఊగుతూ బట్టలో పలచన, చిక్కన పట్టీలు పడతాయి.

ప్రశ్న: నూలుకి మైనం ఎక్కువ పెడితే టెన్షన్ తగ్గుతుందా?

జవాబు: కొంతవరకే. మోతాదు దాటితే ఘర్షణ మళ్లీ పెరుగుతుంది, పైగా మైనం, దూది కలిసి డిస్కుల మధ్య జిగురుగా పేరుకుంటాయి. మిషన్ నడుస్తుండగా డిస్కుల వైపు ఓసారి చూడండి, అవి మెల్లగా తిరుగుతూ ఉండాలి. తిరగడం ఆగితే పోగు ఒకే చోట రాసుకుని గాడి పడుతుంది, గాడి పడ్డ డిస్క్‌ని ఎంత తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే.