నవ్వించే దెబ్బలు, నొప్పించే దెబ్బలు: ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చా?

ప్రశ్న: వేసవి సెలవులకు మా ఆడపడుచు కుటుంబం మా ఇంటికి వచ్చింది. ఇంట్లో ఏడేళ్ల మా అబ్బాయి, పదమూడేళ్ల ఆడపడుచు కూతురు, డెబ్బై దాటిన మా అత్తయ్యగారు ఉన్నారు. ‘కుంగ్ ఫూ హజిల్’ అనే హాంకాంగ్ సినిమా అచ్చం కార్టూన్‌లా ఉంటుందని, అందరం కూర్చుని చూద్దామని మా మరిది పట్టుబడుతున్నాడు. అమెరికాలో దానికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు కనుక పిల్లలకు వద్దే వద్దని మావారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: ఇద్దరూ చెప్పినది నిజమే, అందువల్లనే మీకు ఈ చిక్కు వచ్చింది. స్టీఫెన్ చౌ దర్శకత్వం వహించి తానే ప్రధాన పాత్ర ధరించిన ఈ 2004 నాటి సినిమాలో, తలకు కర్లర్లు చుట్టుకుని నోట్లో సిగరెట్టు పెట్టుకున్న ఇంటి యజమానురాలు కథానాయకుణ్ణి తరిమే సన్నివేశంలో ఇద్దరి కాళ్లూ చక్రాల్లా తిరుగుతాయి. విసిరిన కత్తి వెనక్కి వచ్చి విసిరినవాడి భుజంలోనే దిగుతుంది, వాడు కెవ్వుమంటాడు, కాసేపటికి మళ్లీ మామూలుగా తిరుగుతుంటాడు. మీ మరిది మనసులో ఉన్నవి ఈ సన్నివేశాలే అయి ఉంటాయి.

అయితే అదే సినిమా ఆరంభంలో, 1940ల నాటి షాంఘై వీధిలో, గొడ్డళ్ల ముఠా ఒక ప్రత్యర్థి నాయకుడి కాలు నరికి చంపుతుంది. అతని వెంట ఉన్న స్త్రీని ఆడవాళ్లను చంపనని చెప్పి వెళ్లనిచ్చినట్టే ఇచ్చి, ఆమె వెనుదిరిగాక తుపాకితో వీపున కాలుస్తారు. ఆ వెంటనే ముఠా అంతా వరుసకట్టి నాట్యం చేస్తుంది. తరువాత తంత్రీవాద్యం మీటుతూ ప్రాణాలు తీసే ఇద్దరు హంతకులు వస్తారు, అప్పటివరకు మనం ఇష్టపడుతూ వచ్చిన ఒక కూలీ తల తెగిపోతుంది.

నా అభ్యంతరం నెత్తురు ఎంత ఉందన్న లెక్క మీద కాదు. ఈ రకపు హాస్యానికి ఇంగ్లీషులో ఉన్న ‘స్లాప్‌స్టిక్’ అన్న పేరు పాత ఇటలీ నాటకాలలో విదూషకులు వాడిన ఒక చెక్క సాధనం నుంచి వచ్చింది. రెండు పలుచని చెక్క బద్దలను ఒకచోట బిగించి కొడితే చప్పుడు పెద్దగా వస్తుంది, దెబ్బ మాత్రం పెద్దగా తగలదు. పడినవాడు లేస్తాడన్న ఒప్పందం మీదనే ఈ హాస్యమంతా నిలబడుతుంది, చిన్నపిల్లలు కూడా ఆ ఒప్పందాన్ని ఇట్టే పట్టుకుంటారు. ఈ సినిమా చేసే పని ఏమిటంటే, ఒక సన్నివేశంలో ఆ ఒప్పందాన్ని పాటించి, మరుసటి సన్నివేశంలో చెప్పాపెట్టకుండా దాన్ని రద్దు చేస్తుంది. భుజాన కత్తి దిగినవాడు లేచి తిరుగుతాడు, కూలీ మాత్రం ఇక లేవడు. పెద్దవాళ్లకు ఈ దాగుడుమూతలోనే మజా ఉంది. ఏడేళ్ల పిల్లవాడికి ఏ దెబ్బ ఆటో, ఏ దెబ్బ చావో ఎవరు చెబుతారు? వాడు నవ్వడానికి నోరు తెరిచేసరికి ఎవరో చచ్చిపోయి ఉంటారు.

కాబట్టి మీ అబ్బాయికి ఈ సినిమా ఇప్పుడు వద్దు. ఆడపడుచు కూతురి విషయంలో బ్రిటన్‌వారు పదిహేనేళ్ల గీత గీశారు. అమెరికాలో ‘ఆర్’ అంటే పదిహేడేళ్లలోపువారు పెద్దవాళ్లతో కలిసి వచ్చి చూడవచ్చని అర్థమే తప్ప నిషేధమని కాదు. ఆ అమ్మాయి తత్త్వం తెలిసిన తల్లి ముందుగా ఒకసారి చూసి, పక్కన కూర్చుని చూపిస్తే నాకు అభ్యంతరం లేదు.

ఇక అత్తయ్యగారి సంగతి. పెద్దవారు కనుక మోటు హాస్యానికి నొచ్చుకుంటారేమోనని మనం ముందే అనుకుంటాం. తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టాల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తిట్టుకుని కొట్టుకుంటూ పలికే మాటలు ఈనాటి ఏ హాస్య సన్నివేశానికీ తీసిపోయేవి కావు, వాటిని మన పెద్దలు చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ చూసేవారు. ఆవిడనే అడగండి. మీకు దొరికిన ప్రతిలో తెలుగు మాటలు లేకపోతే మాత్రం, తెర కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకు హింస కన్నా పెద్ద ఇబ్బంది కావచ్చు.

ప్రశ్న: ఓటీటీలో ఒక యాక్షన్ కామెడీకి ‘యూ/ఏ 13+’ అని ఉంది. మా పాపకు పదకొండేళ్లు. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ అంకె ఒక సలహా. 1983లో ‘యూఏ’ తరగతి అమలులోకి వచ్చేవరకు మన దేశంలో సినిమాలకు ‘యూ’, ‘ఏ’ అనే రెండు గదులే ఉండేవి. ‘యూఏ’ వచ్చాక కూడా చాలాకాలం పన్నెండేళ్లలోపు పిల్లలందరినీ ఒకే గాటన కట్టారు. ఓటీటీలకు 2021 నాటి నిబంధనలు, థియేటర్ సినిమాలకు 2023 నాటి చట్ట సవరణ ఆ ఒక్క గదిని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశాయి. థియేటర్లో ‘ఏ’ సినిమాకు పిల్లలను రానివ్వకూడదు కానీ, యూఏ అంకెల విషయంలో తీర్పు తల్లిదండ్రులదే.

అంకె కన్నా దాని పక్కన చిన్న అక్షరాలలో ఉండే వివరం ఎక్కువ ఉపయోగపడుతుంది. హింస వల్ల 13+ వచ్చిందా, బూతు మాటల వల్లనా, మద్యం, పొగతాగడం వల్లనా అన్నది అక్కడ తెలుస్తుంది. ఆ వివరం కూడా చెప్పనిది ఒకటుంది: నవ్వు ఎవరి మీద? మన సినిమాలలో లావుగా ఉన్నవాడిని, నత్తిగా మాట్లాడేవాడిని, ఇంట్లో పనిచేసే కుర్రవాడిని చెంపదెబ్బలు కొట్టి నవ్వించే ఆనవాయితీ ఒకటి పాతుకుపోయింది. అక్కడ చుక్క నెత్తురు కారదు కనుక సర్టిఫికెట్‌లో అది కనిపించదు, మరునాడు బడిలో మాత్రం వినిపిస్తుంది. చాప్లిన్, లారెల్-హార్డీల పాత సినిమాలలోనూ తన్నులు తక్కువేమీ కాదు కానీ, వాటిలో చాలాచోట్ల అరటితొక్క మీద జారేది డాబు చూపే పెద్దమనిషి, లేదా ఆ నటుడే. ట్రైలర్ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నాలుగు తమాషాలలో మూడు బలహీనుడి మీదే ఉంటే, నేనైతే నా మనవరాలికి ఆ సినిమా చూపించను, దానికి ఏ అంకె ఉన్నా సరే.

13+, ఆపై అంకెలున్న వాటికి తాళం వేసుకునే వీలు ఓటీటీ సంస్థలు కల్పించి తీరాలన్నది కూడా ఆ నిబంధనలలో ఉంది. అయితే రహస్య సంఖ్య పాప పుట్టినరోజు కాకుండా చూసుకోండి.

ప్రశ్న: ‘హోమ్ అలోన్’ చూసిన దగ్గరనుంచి మా కవల పిల్లలు మేడమెట్ల మీద గిన్నెలు, గోళీలు పేర్చి దొంగల కోసం కాపు కాస్తున్నారు. పిల్లల సినిమా కదా అని చూపించాను. తప్పు చేశానా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: చూపించడం తప్పు కాదు, ఒంటరిగా చూడనివ్వడం పొరపాటు. ఈ 1990 నాటి సినిమాకు అమెరికాలో ‘పీజీ’ (తల్లిదండ్రుల సలహాతో చూడదగినది) మాత్రమే ఇచ్చారు, అంటే పైన ఖమ్మం సోదరి అడిగిన సినిమా కన్నా ఎంతో తేలికైన తరగతి. అయినా ఇంట్లో ప్రమాదం తెచ్చేది ఇదే అని నేను భయపడతాను. ‘కుంగ్ ఫూ హజిల్’లోలా అరచేతి దెబ్బకు గోడలు కూలడం ఎవరికీ సాధ్యం కాదు కనుక ఏ పిల్లవాడూ దాన్ని అనుకరించలేడు. ఈ సినిమాలో ఎనిమిదేళ్ల పిల్లవాడు దొంగల మీద ప్రయోగించేవన్నీ మన ఇంట్లో ఉన్నవే: ముఖం మీద పడే ఇస్త్రీ పెట్టె, ఎర్రగా కాలిన తలుపు పిడి, పాదంలో దిగే మేకు, తాడుకు కట్టి వదిలిన రంగు డబ్బాలు. దొంగలు ప్రతిసారీ లేచి మళ్లీ వస్తారు, పడినవాడు లేస్తాడన్న ఒప్పందం చెక్కుచెదరదు. సరిగ్గా అందుకే ఇస్త్రీ పెట్టె పడినా ఏమీ కాదన్న నమ్మకం పిల్లలకు కుదురుతుంది.

వాళ్లతో కలిసి మరొకసారి చూడండి. ప్రతి దెబ్బ దగ్గర సినిమా ఆపి నీతులు చెబితే మరునాటి నుంచి మీ పక్కన ఎవరూ కూర్చోరు. రెండుచోట్ల ఆపితే చాలు. ఇస్త్రీ పెట్టెను వాళ్ల చేతికిచ్చి బరువు చూడమనండి. మెట్ల మీదినుంచి పడినది నటులు కాదని, ఎలా పడాలో ఏళ్ల తరబడి సాధన చేసిన స్టంట్ మనుషులని, వాళ్లకు కూడా దెబ్బలు తగులుతుంటాయని చెప్పండి. పిల్లలకు ఇలాంటి తెరవెనుక సంగతులు కథ కన్నా ఎక్కువ ఇష్టం.

మెట్ల మీది గిన్నెలను మాత్రం ఈ రాత్రే, వాళ్ల చేతనే తీయించండి.